ఇప్పచెట్టు కింద బెరీలియం

విప్పకూడని పెట్టె వచ్చి వచ్చి ఇప్పచెట్టు కింద పడింది.

పడటానికి కింద ఇంకెక్కడా చోటే లేనట్టు! హైదరాబాదులో లేచిన బెలూను, విమానాలు కూడా మెడెత్తి చూడాల్సినంత ఎత్తున ఒక పగలంతా తేలి, వరంగల్ అవతల ఏ మిర్చిచేనులోనో పెట్టెను దించాలి. రైతు వచ్చి చూస్తాడు, పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేస్తాడు, నాలుగు తిట్లు తిట్టి పెట్టె అప్పగిస్తాడు. అది పద్ధతి. ఆ రోజు పైగాలి పద్ధతి తప్పింది. పెట్టెను గోదావరి దాటించి, రాష్ట్రం దాటించి, బస్తర్‌లో బాసగూడకు ఆవల, ఆకు రాల్చిన అడవిలో, పారాచూట్ గొడుగు గుడ్డతో సహా వదిలేసి చేతులు దులుపుకుంది.

ఆ పెట్టె భానుప్రసాద్‌ది. పేరులో భానుడున్నాడు గానీ ఆయన పనికి భానుడితో పని లేదు. సూర్యుడు మన వీధివాడు. ఈయనకు కావలసింది పొరుగూరి కిరణాలు. ఎక్కడో ఒక నక్షత్రం పేలితే అక్కడ బయలుదేరి, గాలక్సీ అంతా తిరిగి తిరిగి చివరికి మన నెత్తిన పడే విశ్వకిరణాలు. ఇంట్లో కృష్ణకుమారి గారు పెళ్ళయినప్పటి నుంచీ అనే మాట ఒకటే: "మీకు కిరణాలే గానీ కిరాణా పట్టదు." ఆవిడ మాటలో అబద్ధం లేదు.

ఇంతకీ ఆయన తేల్చాలనుకున్నది, ఆ కిరణాలు దారిలో ఎన్నాళ్ళున్నాయి అని. తిన్నగా వస్తే లెక్క సులువే. అవి తిన్నగా రావు. సంతలో సారా తాగి ఇంటికి బయలుదేరిన మనిషిని వీధులు తిప్పినట్టు, గాలక్సీలోని అయస్కాంత క్షేత్రాలు వాటిని అటూ ఇటూ తిప్పుతాయి. తిరిగే దారిలో ఏ వాయువునో గుద్దుకుని ముక్కలవుతాయి. ఆ ముక్కల్లో ఒకటి బెరీలియం. అందులో ఒక రకం రేడియోధార్మికం, అంటే నిలవ ఉండే సరుకు కాదు. పద్నాలుగు లక్షల ఏళ్ళకు సగం, ఇంకో పద్నాలుగు లక్షల ఏళ్ళకు మిగిలిన దాంట్లో సగం, అలా తరుగుతూ బోరాన్‌గా మారిపోతుంది. మన దాకా వచ్చిన వాటిలో బెరీలియం ఎంత, బోరాన్ ఎంత అని లెక్కపెడితే, ఎంతకాలం తిరిగాయో తెలుస్తుంది. కోటి ఏళ్ళ పైమాటే అంటారు. కోటిన్నరా, ఇంకా ఎక్కువా అన్న దగ్గరే పేచీ. బెరీలియం విద్యుదావేశం నాలుగు, బోరాన్‌ది అయిదు. నాలుగు అయిదు కావడం బడిలో తప్పు, గాలక్సీలో గడియారం.

లెక్కపెట్టడానికి ఇప్పుడు అందరి దగ్గరా ఎలక్ట్రానిక్ యంత్రాలున్నాయి. భానుప్రసాద్ మాత్రం పాతకాలపు ఫొటో ప్లేట్లనే నమ్ముకున్నాడు. గాజు మీద దళసరిగా పూసిన జిగురు. దాంట్లోంచి కిరణం దూసుకుపోతే, పొడిమట్టిలో చీమ నడిచినంత సన్నటి జాడ మిగులుతుంది. చీకటిగదిలో కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, పోయింది నాలుగో అయిదో చెప్పొచ్చు. "ఊరంతా మారినా ఈయన ప్లేటు ఫిరాయించడు" అని సంస్థలో నవ్వుకునేవాళ్ళు. నవ్వి నవ్వి ఒక బెలూను ఇచ్చారు. ఇదే ఆఖరు, దీని తర్వాత ప్లేట్ల గది మూసేస్తామన్నారు. రేడియోధార్మిక పదార్థం సగం తరిగే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఆయనకు ఆయువులో అర్ధం ఈ ప్లేట్ల కిందే పోయింది. అర్థం మాత్రం ఆ పెట్టెలో ఉంది.

పెట్టెకు గండాలు రెండు. వెలుతురు, వేడి. వెలుతురు తగిలితే ప్లేట్లు మొత్తం నల్లబడతాయి. వేడి తగిలితే జాడలు చెరిగిపోతాయి, చెమట ముఖాన కాటుక చెరిగినట్టు. అందుకే లోపలి రేకు డబ్బా మీద ఆయన తన చేత్తో ఒక చిన్న బిళ్ళ అంటించాడు. దాని మధ్యన తెల్లటి చుక్క. అరవై డిగ్రీలు దాటితే ఆ చుక్క నల్లగా మారుతుంది, మళ్ళీ తెల్లబడదు. అది నల్లబడితే లోపల చూడాల్సింది ఏమీ లేదని అర్థం.

పెట్టె పంపే సిగ్నల్ ఆచూకీ పట్టుకుని, దంతెవాడలో జీపు మాట్లాడుకుని, దారి పొడవునా పోలీసు క్యాంపుల్లో దిగి ఊరూ పేరూ చెప్పుకుంటూ, భానుప్రసాద్ చివరి క్యాంపుకు చేరాడు. అక్కడి ఇన్‌స్పెక్టర్ పేరు రాంప్రసాద్, శ్రీకాకుళం మనిషి. తెలుగు వినబడగానే కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఇద్దరూ ప్రసాదులే కదా, వరం దొరికినట్టేనని భానుప్రసాద్ అనుకున్నాడు.

"ఆ డబ్బా మీదేనేటి సార్?" అన్నాడు రాంప్రసాద్. "వైర్లున్నాయి. దీపమొకటి మిణుకుమిణుకుమంటంది. చెట్టుకేమో గుడ్డ వేలాడతంది. మా కుర్రోళ్ళు చూసి టేపు కట్టీసినారు. ఏటది?"

"డిటెక్టరండి."

"ఏటి డిటెక్ట్ చేస్తది?"

ఇక్కడ ఏ వాతావరణమనో వర్షపాతమనో అని ఉంటే పెట్టె సాయంత్రానికి జీపులో ఉండేది. భానుప్రసాద్ నిజం చెప్పాడు.

"రేడియోధార్మిక బెరీలియం."

రాంప్రసాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. "రేడియో... అణుబాంబులో ఉంటాది, అదేనా?"

"అయ్యో, అది వేరు. ఇందులో అసలు అదేమీ లేదు. దాని జాడ ఉంటుందంతే. భయమే లేదు. ఆ మాటకొస్తే మీ ఒంట్లో కూడా రేడియోధార్మికత ఉంది."

"నా ఒంట్లోనా!"

"పొటాషియం వల్ల. అరటిపండులో కూడా..."

"సార్," అని రాంప్రసాద్ చేతులు జోడించాడు. "మీరింక మాటాడకండి. మీరు మాటాడిన కొద్దీ నాను పైకి చెప్పాల్సిన ఆఫీసర్లు పెరిగిపోతన్నారు."

ఆయన లేచి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ తర్వాత చెట్టు చుట్టూ ఉన్న టేపు అడవి అంచు దాకా జరిగింది. బాంబులు చూసే దళం జిల్లా కేంద్రం నుంచి రావాలి. అది వచ్చి, కుక్క వాసన చూసి, సరేననేదాకా ఎవరూ లోపలికి పోరాదు. ఎప్పుడొస్తుందంటే రేపు. రేపు అడిగితే మళ్ళీ రేపు. టేపు అవతల పెట్టె, టేపు ఇవతల రేపు.

"నేను ఒక్కణ్ణే వెళ్ళి తెచ్చుకుంటాను. నా పెట్టె, నా ప్రాణం," అన్నాడు భానుప్రసాద్.

"మా జవాను ఉంగ కూడా అలాగే అన్నాడండి," అన్నాడు రాంప్రసాద్. ఈసారి గొంతులో చేతులు జోడించడాలు లేవు. "పక్కూరోడే. రోడ్డు పక్కన టిఫిన్ డబ్బా పడుంటే, ఎవుడో కూలోడు పారీసుకున్నాడని కాలితో తన్నాడు. ఇప్పుడు దంతెవాడలో ఇంటి ముందు కుర్చీలో కూకుంటాడు. లేవాల్సిన పని లేదింక."

భానుప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. వచ్చి టేపు దగ్గర నిలబడ్డాడు. మెట్ట మీద, మోడుల మధ్య, ఇప్పచెట్టు కింద తెల్లటి పెట్టె కనిపిస్తూనే ఉంది. కళ్ళకు అందుతుంది, చేతికి అందదు. ఎండ మండుతోంది. పైడబ్బాలో థర్మోకోల్ ఉంది కాబట్టి ఈ ఎండ నుంచి కాస్తుంది, కాస్తుంది అని జపం చేసుకున్నాడు.

అక్కడే టేపు పక్కన, ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది ఆ ఊరామె లక్మే. కాపలా జవానుకు హిందీలో నాలుగు వడ్డించి, ఇటు తిరిగి తెలుగు అందుకుంది.

"డబ్బా నీదేనంట గద సారూ?"

"నాదేనమ్మా."

"సెట్టు నాది. నీ డబ్బా నా సెట్టు కింద పడ్డది, నా పువ్వు మీ టేపు లోపట పడుతున్నది. గిదేం న్యాయం?"

అడవి సర్కారుదైనా ఇక్కడ ఇప్పచెట్లు ఇళ్ళవి. ఫలానా చెట్టు ఫలానా వాళ్ళదని అందరికీ తెలుసు, ఒకరి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ఏరరు. ఈ చెట్టు లక్మేకు అత్త ఇచ్చింది. పువ్వు రాలేది ఏడాదిలో ఈ కొన్ని రోజులే, అదీ తెల్లవారుజామునే. ఈ పూట ఏరకపోతే పశువులు తింటాయి. లక్మే, ఆమె పెనిమిటి ఆయతు, జవాన్లు రోడ్డు వైపు చూస్తుండగా వాగు పక్క నుంచి దూరి ఏరుకుంటూనే ఉన్నారట. గంప ఇప్పుడు బోర్లించింది పగలు కాబట్టి.

"అంటే మీరు పెట్టె దగ్గరికి వెళ్తున్నారా?" భానుప్రసాద్ గొంతు చిన్నదైంది.

"దాని మీద పడ్డ పువ్వు సుత ఏరిన. దాంట్లో ఏమున్నది సారూ? బంగారమా?"

ఆయనకు పిల్లలకు పాఠం చెప్పే అలవాటు ఉంది, ఎంత కష్టంలో ఉన్నా అది పోలేదు. "నువ్వు సంత నుంచి వస్తున్నావనుకో. గంపలో పుట్టగొడుగులున్నాయి. కొన్ని వాడిపోయాయి, కొన్ని తాజాగా ఉన్నాయి. ఎన్ని వాడిపోయాయో చూస్తే, నువ్వు ఎంతసేపు నడిచావో నేను చెప్పగలను. పైనుంచి, చుక్కల్లోంచి, అలాంటి గంపలు వస్తుంటాయి. అవి ఎంతకాలం నడిచాయో ఈ పెట్టె చెబుతుంది."

లక్మే ఆలోచించింది. "నేనెంతసేపు నడిసిన్నో నన్నే అడగొచ్చు గద? పుట్టగొడుగుల మూతి ఎందుకు సూసుడు?"

"వాటిని అడగలేమమ్మా. మాట్లాడవు."

"ఎంత దూరంకెల్లి వస్తయి?"

"కోటి ఏళ్ళ నడక."

"అమ్మో! అంత నడిసి వొచ్చి నా సెట్టు కింద కూసున్నయా!" లక్మే బుగ్గ మీద వేలు పెట్టుకుంది. ఆ తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎత్తుకొచ్చి ఇయ్యన్నా? రేపు పొద్దుగాల పువ్వు గంపల పెట్టుకుని, పైన పువ్వు పోసి తెస్త. ఎవలకు ఎరుక?"

భానుప్రసాద్ పెట్టె వైపు చూశాడు. ఎంత సులువు! గంప నెత్తిన పెట్టుకుని ఆమె రావడం, తను అందుకోవడం, జీపు కదలడం, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఆ వెనకే ఇంకోటి తిరిగింది. వైర్ల పెట్టె నెత్తిన పెట్టుకుని, టేపు లోపలి నుంచి, మసక వెలుతురులో వస్తున్న ఒక ఆడమనిషి. ఎదురుగా ఉంగను కుర్చీలో చూసివచ్చిన జవాను.

"వద్దు తల్లీ," అన్నాడు. "దాన్ని బయటికి తేవద్దు. నువ్వు చేయగలిగితే ఒక్కటే చెయ్యి. ఎవరూ మూత తీయకుండా చూడు. అడవిలో మంటలొచ్చే రోజులు. మంట దానికి అంటుకోకుండా చూడు. అంతే."

"గంతేనా? మంట సంగతి నాకు సెప్తవా సారూ! అంటనియ్య. నా సెట్టనుకుంట."

చెప్పాడు. మంట అన్నాడు, వేడి అనలేదు. ఆ రెండింటికీ తేడా ఉంటుందని ఆ క్షణాన భూమ్మీద తెలిసినవాడు ఆయనొక్కడే, ఆయనే చెప్పలేదు.

మర్నాడు రాంప్రసాద్ ఉదయాన్నే చెప్పాడు, దళం బయలుదేరిందని, తనే ఎదురెళ్ళి తీసుకొస్తానని. భానుప్రసాద్ టేపు దగ్గర కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఎండ ఎక్కేవేళకు పొగ వాసన వచ్చింది.

ఇప్పచెట్టు కింద ఎండుటాకు కాల్చడం ఇక్కడి పద్ధతి. నేల నున్నగా ఉంటే గానీ పువ్వు కనబడదు. అవతల, అదే ఊరి హిడ్మా వాళ్ళు తమ చెట్ల కింద అంటించారు. గాలి ఇటు తిరిగింది. మంట పెద్దదేమీ కాదు, మోకాలెత్తున, ఆకు మీద ఆకు పాకుతూ, చప్పుడు లేకుండా లక్మే చెట్టు వైపు వస్తోంది.

"భయ్యా," అని జవాను దగ్గరికి పరుగెత్తాడు భానుప్రసాద్. "ఆగ్! మేరా బాక్స్!" జవాను తల అడ్డంగా ఊపాడు. సాబ్ వచ్చేదాకా టేపు టేపే.

అప్పుడు చెట్టు కింద ఇద్దరు కనబడ్డారు. లక్మే, ఆయతు. చేతుల్లో పచ్చి కొమ్మలు. ఆగకుండా ఊడుస్తున్నారు. పెట్టె చుట్టూ ఆకంతా దూరంగా తోశారు, ఆ తోసిన ఆకుకు తామే ముందు నిప్పు పెట్టారు. ఎదురు మంట! వచ్చే మంటకు తినడానికి ఏమీ మిగలకుండా చేయడం. భానుప్రసాద్ ఊపిరి తీసుకున్నాడు. ఈ తల్లి మాట నిలబెట్టింది. తన చెట్టును ఎలా కాచుకుంటుందో ఆయన పెట్టెనూ అలాగే కాస్తోంది.

ఆకు గుప్పున మండి, ఇట్టే ఆరింది. నేల నల్లగా, బూడిదగా మిగిలింది. వాళ్ళు అంతటితో ఆగలేదు.

ఆయతు పొడుగాటి వెదురుబొంగు తెచ్చాడు. ఇద్దరూ కలిసి పెట్టెను నెట్టారు. కాలిన నేల మీదికి. ఇంకా పొగ ఆరని బూడిద మధ్యలోకి. వాళ్ళ లెక్కలో తప్పేమీ లేదు. ఒకసారి కాలిన చోటికి మంట రాదు, అడవిలో అంతకన్నా భద్రమైన చోటు లేదు. పిల్లలనైనా, లేగదూడలనైనా వాళ్ళు అక్కడే నిలబెడతారు. పెట్టె వేడి బూడిదలో, కుంపటి మీద గిన్నెలా, చక్కగా కుదురుగా కూర్చుంది.

"వద్దు! అక్కడొద్దు! తియ్యండి!" భానుప్రసాద్ గొంతు చిరిగేలా అరిచాడు.

అంత దూరాన లక్మేకు మాట వినబడలేదు, మనిషి కనబడ్డాడు. చెయ్యెత్తి సంబరంగా ఊపింది.

వినబడింది జవానుకు. తిరిగి చూశాడు. పొగలో రెండు ఆకారాలు, మధ్యలో డబ్బా. భుజాన ఉన్న తుపాకీ చేతుల్లోకి వచ్చింది. "కౌన్ హై ఉధర్? డబ్బే కో హాథ్ లగాయా క్యా?" ఎవరక్కడ, డబ్బా ముట్టుకున్నారా అని గద్దించాడు.

అంతే. భానుప్రసాద్ నోరు మూతపడింది. ఇంకొక్కసారి పెట్టె అని అరిస్తే, ఈ జవాను ఆ ఇద్దరి వైపు పరుగెడతాడు. పరుగెత్తే జవాన్ను చూసి వాళ్ళూ పరుగెడతారు. ఈ అడవిలో పరుగెత్తిన వాళ్ళకు ఏమవుతుందో ఆయన క్యాంపు క్యాంపుకూ దిగి వింటూనే వచ్చాడు.

"నహీ భయ్యా," అన్నాడు. నవ్వు తెచ్చుకుని, మోపు మోసినట్టు మోశాడు దాన్ని. "పత్తే జలా రహే హైఁ. బస్, పత్తే."

ఆకులు కాలుస్తున్నారు, అంతే, ఆకులు. జవాను కాసేపు చూసి, తుపాకీ భుజానికెత్తుకున్నాడు. లక్మే, ఆయతు పని ముగించి వాగు వైపు దిగిపోయారు. పెట్టె బూడిదలో ఉంది. భానుప్రసాద్ టేపు ఇవతల ఉన్నాడు. సన్నటి పొగ పెట్టె చుట్టూ, దిష్టి తీస్తున్నట్టు, తిరుగుతూనే ఉంది. చెయ్యగలిగింది చూడటం. చూశాడు. గాజు మీద జిగురు మెత్తబడటం, ఒక్కొక్క జాడ పూడుకుపోవడం, నాలుగులూ అయిదులూ ఒకేలా అయిపోవడం, కళ్ళు మూసుకున్నా కనబడుతున్నాయి. కోటి ఏళ్ళు ఎవరూ ఆపలేని వాటి జాడను ఒక గంప ఎండుటాకు ఆపింది.

దళం వచ్చేసరికి ఎండ వాలుతోంది. కుక్క దిగి పెట్టె చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఆవులించి, నీడలోకి పోయి పడుకుంది. ఇన్నాళ్ళ రేపుకు అది ఇచ్చిన తీర్పు అంతే. దళంలో ఒకాయన పైమూత తీశాడు. లోపలి డబ్బా తీయొద్దని భానుప్రసాద్ అలవాటు కొద్దీ బతిమిలాడాడు. తీయలేదు.

"తీసుకోండి సార్, మీ సొత్తు," అన్నాడు రాంప్రసాద్ తేలికపడి. "ఒక్క గీత పడలేదు. నానే భయపడినాను, ఏటేటో అనేసినాను."

భానుప్రసాద్ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైడబ్బా ఇంకా గోరువెచ్చగా ఉంది. లోపల, రేకు డబ్బా మీద, బిళ్ళ ఉంది. బిళ్ళ మధ్యన చుక్క ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు, చూస్తే తెల్లబడుతుందేమో అన్నట్టు.

టేపు విప్పేశారు కాబట్టి లక్మే గంపతో సహా దర్జాగా ముందు దారినే వచ్చింది. మసిబారిన చేతులు, మోచేతి మీద చిన్న బొబ్బ.

"సూసినవా సారూ! మంట అంటనిచ్చిన్నా? హిడ్మా మంట ఉరికొచ్చింది, నేనూ మా ఆయతూ కలిసి ఆపినం. కాలిన జాగల పెట్టినం, మల్ల రాకుండ. సూడు, మచ్చ లేదు."

"చూశానమ్మా."

"మంచిగ సూస్కున్ననా?"

"నీ చెట్టు కన్నా బాగా చూసుకున్నావు."

లక్మే మురిసిపోయి పెట్టెలోకి వంగింది. "ఇగ సెప్తయా అవి? ఎంత దూరం నడిసినయో?"

ఆమెకు అప్పటికే చుక్క కనబడింది.

"అయ్యో, గిదేంది, మసి! లోపటికి సుత పోయింది సూడు," అని నొచ్చుకుంది. కొంగు చివర నాలుకతో తడుపుకుని, ఆ నల్లటి చుక్కను తుడవసాగింది. పోలేదు. ఇంకొంచెం తడి చేసి, ఇంకొంచెం గట్టిగా రుద్దింది.

"పోతలేదు సారూ."

"పోతుందిలే," అన్నాడు భానుప్రసాద్. ఆమె చేతికి వీలుగా పెట్టెను కొద్దిగా వంచి పట్టుకున్నాడు.